పెద్దాయన పలకలేదు

ఆ ఉదయం పెద్దాయన వేసుకున్న పథకం చాలా సాదాసీదాది. పైలట్ల సంఘం సమావేశానికి వెళ్ళాలి, లేచి నిలబడాలి, నాలుగు మాటలు మాట్లాడాలి, చప్పట్ల మధ్య కూర్చోవాలి. రిటైర్‌మెంటుకు దగ్గరపడిన సీనియర్ కెప్టెన్లు నెలలో సగం రోజులే విమానం నడిపి సగం జీతమే తీసుకునే వెసులుబాటు ఉండాలా వద్దా అన్నది ఆ రోజు చర్చ. కంపెనీలో అందరికంటే సీనియరు ఆయనే. అందుకే కుర్రవాళ్ళ దగ్గర్నుంచి అధ్యక్షుడి దాకా అందరూ ఆయన్ని పెద్దాయన అనే పిలుస్తారు. ఆయన నోటి నుంచి వస్తే ఆ మాటకు బరువుంటుందని అందరి నమ్మకం.

ఆ వెసులుబాటు ఆయనకు కావాలి. చాలా కావాలి. విమానం నడపడమంటే ఆయనకు ఇప్పటికీ ప్రాణమే. నెలంతా నడపడమే ప్రాణం తీస్తోంది. హోటల్ గదిలో మెలకువ వస్తే ఏ ఊళ్ళో ఉన్నాడో తెలియడానికి కిటికీ తెర తీయాలి, తీసినా ఒక్కోసారి తెలియదు. ఇంట్లో లేచిన రోజున స్నానాల గది అనుకుని బీరువా తలుపు తెరిచిన సందర్భాలున్నాయి. అయితే ఈ సంగతి పైకి చెప్పకూడదు. అలిసిపోయానన్న కెప్టెన్‌ను ఆ వృత్తిలో ఎవరూ విశ్రాంతి తీసుకోమనరు. డాక్టరు దగ్గరికి పంపుతారు, డాక్టరు లైసెన్సు తీసి సొరుగులో పెట్టుకుంటాడు. సగం పని అడగాలంటే అలిసిపోయానని చెప్పాలి, ఆ మాట చెబితే మొత్తం పని పోతుంది. అందుకని కంపెనీలోని సీనియర్లందరూ సగం పనిని పక్కవాడి కోసమే అడుగుతున్నారు.

"మిత్రులారా, నా సంగతి వదిలేయండి. నేను గుండ్రాయిలా ఉన్నాను. నా బాధంతా మిగతా సీనియర్ల గురించే" అని పెద్దాయన అద్దం ముందు నిలబడి అభ్యాసం చేశాడు.

"ఆ గుండ్రాయి నిన్న సోఫాలో కూర్చుని బూట్లు విప్పుకుంటూ మధ్యలోనే నిద్రపోయింది. రెండో బూటు నేను విప్పాను" అంది భార్య, పక్కగదిలోంచి.

"ఇదిగో, ఆ బూటు సంగతి బయట ఎక్కడా అనకు."

"నేనెందుకంటాను? అయినా ఈ సగం నెల గొడవలో నన్నడిగారా ఎవరైనా? మీరు ఇంట్లో ఉంటే ఆ సగం నెల డ్యూటీ నాది. పోయినసారి సెలవు పెట్టినప్పుడు పొయ్యి ఆర్పే ముందు చెక్‌లిస్టు చదవాలన్నారు."

"చదివితే తప్పేంటి?"

"మీరు చదువుతుంటే పాలు పొంగిపోయాయి, అదీ తప్పు." ఆవిడ గుమ్మంలోకి వచ్చి ఆయన కాలరు సరిచేసింది. "సరే, గట్టిగా మాట్లాడి సాధించుకుని రండి. పొయ్యి దగ్గరికి రాకుండా ఉంటానంటే, మీరు ఇంట్లో ఉండటం నాకూ ఇష్టమే."

ఆ మాటకు పెద్దాయనకు ఎక్కడలేని హుషారొచ్చింది. ఆరోగ్యవంతుడు ఆపిల్ పండును కొయ్యకుండా కొరుక్కు తింటాడని ఆయన ఎక్కడో చదివాడు. బల్ల మీదున్న ఆపిల్ తీసి పటుక్కున కొరికాడు. ముక్క నోట్లోకి రాలేదు. పై వరసలో ముందుండే కట్టుడు పన్ను మాత్రం పండులోకి వెళ్ళిపోయింది.

పళ్ళ డాక్టరుకు ఫోన్ చేస్తే సాయంత్రం దాకా ఖాళీ లేదన్నారు. పెద్దాయన మళ్ళీ అద్దం ముందు నిలబడి "మిత్రులారా" అని చూశాడు. సందులోంచి సన్నని ఈల వచ్చింది. "గుండ్రాయిలా" అన్నాడు, మళ్ళీ ఈలే. బోసినోటితో వెళ్ళి నేను గుండ్రాయినంటే ఎవరు నమ్ముతారు? పోనీ మానేద్దామంటే, 'ఒంట్లో బాగోలేదట' అని సాయంత్రానికల్లా ఊరంతా పాకుతుంది.

"నోరు మూసుకుని కూర్చుని రండి. నేను అనకూడని మాటే గానీ, ఇవాళ్టికి ఇంతకంటే మంచి సలహా లేదు" అంది భార్య.

పెద్దాయన పన్నును చేతిరుమాలులో చుట్టి జేబులో పెట్టుకుని, పెదవులు బిగించి బయల్దేరాడు.

సమావేశం హాలు అప్పటికే నిండిపోయింది. కాఫీ యంత్రం దగ్గర ఎదురైన ప్రతివాడూ "ఏమంటారు పెద్దాయనా?" అని అడిగాడు, ఆయన ప్రతివాడికీ గంభీరంగా తలూపాడు. సగం పని ఇవ్వాలన్నవాళ్ళు ఆయన తమ పక్షమనుకున్నారు. సత్తా ఉన్నవాడు పూర్తిగా ఎగరాలి, లేనివాడు ఇంటికి పోవాలి అన్నవాళ్ళూ అలాగే అనుకున్నారు. ఒక్క ముక్క మాట్లాడకుండానే ఇంత పలుకుబడి వస్తుందని తెలిస్తే ఆయన ఆ పన్ను ఎప్పుడో పీకించుకునేవాడు.

కంపెనీ తరఫున ఒక మేనేజరు వచ్చి వెనక వరసలో కూర్చున్నాడు. చర్చ మొదలైంది. ఎప్పుడో గాలివానలో విమానం దింపిన కథను ఇప్పటికీ వారానికోసారి దింపే తుఫాను కెప్టెన్ ముందుగా లేచాడు.

"అలసటంటే ఏంటో నాకు తెలీదండీ. నా కోసమైతే ఈ తీర్మానం అక్కర్లేదు. మన పెద్దాయన్ని చూస్తేనే కడుపు తరుక్కుపోతుంది."

తర్వాత లేచినవాడు తుఫాను కెప్టెన్‌ను చూసి జాలిపడ్డాడు. ఆ తర్వాతివాడు వీళ్ళిద్దరినీ చూసి. కెప్టెన్ సీటు కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూస్తున్న కోపైలట్లు, ఇద్దరు సీనియర్లు చెరి సగం మానేస్తే ఒక సీటు ఖాళీ అవుతుందని లెక్క తేల్చి, పెద్దల ఆరోగ్యం గురించి కన్నీళ్ళు పెట్టుకున్నారు. చివరికి వెనక నుంచి మేనేజరు అమాయకంగా అడిగాడు. "ఇంతకీ మీలో అలిసిపోయినవాళ్ళెవరండీ?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, సీనియర్లందరూ ఒక్కసారిగా వీపులు నిటారుగా పెట్టి కూర్చున్నారు.

అధ్యక్షుడి పరిస్థితి కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్నట్టుంది. ఆయన చటుక్కున భారం దించేసుకున్నాడు. "పెద్దాయన ఏం చెబితే అదే ఖాయం చేద్దాం. చెప్పండి పెద్దాయనా."

హాలంతా పెద్దాయన వైపు తిరిగింది. పెద్దాయన తలూపాడు. తలూపితే చాలదన్నట్టు అందరూ ఇంకా చూస్తూనే ఉన్నారు. పక్కనే ఆయనతో ఎక్కువగా ఎగిరే కోపైలట్ కూర్చుని ఉన్నాడు. వాడు వంగి మెల్లగా పిలిచాడు.

"సార్, మీ వంతు."

పెద్దాయన పెదవులు విప్పకుండా చిరునవ్వు నవ్వాడు.

"సార్! వినపడుతోందా?"

ఇక్కడ ఒక సంగతి చెప్పుకోవాలి. విమానంలో ఒక నియమం ఉంది. రెండుసార్లు పిలిచినా పక్క సీటువాడు పలక్కపోతే, వాడికేదో అయిందనే అనుకోవాలి. ఆలోచించకుండా విమానాన్ని తన చేతుల్లోకి తీసుకుని, ఆ మాట పైకి చెప్పాలి. ఈ నియమాన్ని ఆ కోపైలట్‌కు నూరిపోసిందే పెద్దాయన. "మొహమాటపడ్డావంటే విమానం నిండా జనం పోతారు. ఎంత పెద్దవాడైనా సరే, రెండో పిలుపు తర్వాత ఆగకు" అని ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు.

కోపైలట్ ఆగలేదు. అదే సమయంలో పెద్దాయన చీటీ రాసి చూపిద్దామని కలం కోసం చొక్కా జేబు మీద చెయ్యి వేశాడు. అది గుండె పట్టుకున్నట్టే ఉంది.

"కంట్రోల్ నాది!" అని కోపైలట్ హాలు దద్దరిల్లేలా అరిచాడు.

విమానంలో అయితే అంతటితో సర్దుకునేదే. అక్కడ నడిపేవాళ్ళు ఇద్దరే. ఈ హాల్లో ఉన్నవాళ్ళందరూ విమానం నడిపేవాళ్ళే, అందరూ ఆ నియమం చదువుకున్నవాళ్ళే. "కంట్రోల్ నాది!" అని తుఫాను కెప్టెన్ దూకాడు. "కాదు, నాది!" అని ఇంకొకడు కుర్చీల మీదుగా వచ్చాడు. ఒకడు పెద్దాయన టై విప్పాడు, ఒకడు కాళ్ళు పైకెత్తాడు, తల పైకెత్తాలంటూ ఇంకొకడు వాదనకు దిగాడు, దాంతో మనిషి కాసేపు రెండువైపులా లేచి నడుం దగ్గర వేలాడాడు. అధ్యక్షుడు మైకు అందుకుని అలవాటు కొద్దీ "దయచేసి అందరూ మీ సీట్లలోనే కూర్చోండి. చిన్న సాంకేతిక సమస్య, భయపడవలసిన పని లేదు" అని ప్రకటించాడు. దాంతో నిజంగానే భయపడి ఇద్దరు బయటికి పరుగెత్తారు.

ఇక లాభం లేదని పెద్దాయన నోరు తెరిచాడు. "నాకేం కాలేదురా, దించండి!" అన్నాడు. ఒక పొడుగాటి ఈల, దాని చుట్టూ నాలుగు అక్షరాలు బయటికి వచ్చాయి.

"మాట పడిపోయింది!"

"పన్ను కూడా పడిపోయింది! మింగేశాడేమో చూడండి!"

ఆయన్ని బోర్లా తిప్పి వీపు మీద దబదబా బాదారు. తలా ఒక చెయ్యి వేశారు. పెద్దాయన ప్రాణాలు ఉగ్గబట్టుకుని జేబులోంచి చేతిరుమాలు లాగి, విప్పి, పన్ను చూపించాడు. బాదుడు ఆగింది. అందరూ ఆ పన్నును చూశారు.

"ఊడిన పన్ను మూట కట్టి జేబులో పెట్టుకున్నాడంటే, మనిషికి మతి స్థిమితంగా లేదు" అన్నాడు తుఫాను కెప్టెన్, గద్గదంగా.

అంబులెన్సు వచ్చింది. పెద్దాయన్ని స్ట్రెచర్ మీద పట్టుకుపోతుంటే హాలంతా లేచి నిలబడింది. ఆ దుఃఖంలోనే తీర్మానం ఓటుకు పెట్టారు. వ్యతిరేకించినవాళ్ళతో సహా అందరూ చేతులెత్తారు. మేనేజరు కూడా కళ్ళద్దాలు తుడుచుకుంటూ "కంపెనీకీ మనసుంది. డాక్టరు రిపోర్టు ఒక్కటి రానీయండి, నేనే సంతకం పెట్టిస్తాను" అన్నాడు. ఆ మాట స్ట్రెచర్ మీద నుంచి విన్న పెద్దాయన లేవబోయి ఆగిపోయాడు. మొత్తానికి సగం నెల వచ్చేసింది. ఒక్క మాటైనా అడగకుండా వచ్చేసింది. ఆయన కళ్ళు మూసుకుని, ఇన్నాళ్ళకు మొదటిసారి, ఎవరో నడుపుతున్న బండిలో హాయిగా పడుకున్నాడు.

కంపెనీ డాక్టరు ఆయన్ని వదిలిపెట్టలేదు. గుండె చూశాడు, కళ్ళు చూశాడు, చెవుల్లో శబ్దాలు వినిపించాడు, యంత్రం మీద నడిపించాడు, ఆపైన పరుగెత్తించాడు. ఈలోగా కబురందుకున్న భార్య ఆదరాబాదరా వచ్చి ఆపిల్ సంగతి చెప్పింది. డాక్టరు నవ్వి, పరీక్షకని తీసుకున్న పన్ను తిరిగి ఇచ్చేశాడు. తలుపు దగ్గర కోపైలట్, అధ్యక్షుడు, మేనేజరు నిలబడ్డారు.

"అన్నీ బ్రహ్మాండంగా ఉన్నాయి. మీ వయసుకి ఇదో వింత. చివరగా ఒక్క ప్రశ్న" అన్నాడు డాక్టరు, కలం పట్టుకుని. "అలసటగా ఏమైనా ఉంటోందా?"

ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఉందంటే లైసెన్సు సొరుగులోకి పోతుంది, మళ్ళీ ఆ సీట్లో కూర్చునేది లేదు. లేదంటే ఏమవుతుందో, గుమ్మంలో చెవులు రిక్కించిన మేనేజరును చూస్తే తెలుస్తూనే ఉంది. భార్య ఇక ఉండబట్టలేక "డాక్టరుగారూ, నిన్న రాత్రి ఈయన..." అని మొదలుపెట్టింది. పెద్దాయన ఆవిడ చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. కొన్నేళ్ళుగా లోపల మూటగట్టుకున్న అలసటంతా గొంతు దాకా వచ్చింది. అవునని ఒక్కసారి అనేసి, ఆ మంచం మీదే పడి ఏడవాలనిపించింది.

"లేదండీ. అస్సలు లేదు" అన్నాడు, ఈలతో సహా.

డాక్టరు రాసుకున్నాడు. భార్య కిటికీ వైపు తిరిగి నిలబడింది.

మర్నాడే కంపెనీ జవాబు వచ్చింది. అందరికంటే సీనియరు కెప్టెన్‌ను, అదీ సాటి పైలట్లే స్పృహ తప్పాడని తేల్చిన రోజున, నిలువెల్లా పరీక్షించినా అలసట అన్నది ఇసుమంత కూడా కనిపించలేదు. ఆ మాట ఆయన స్వయంగా చెప్పాడు కూడా. ఆయన కంటే చిన్నవాళ్ళకు సగం పని ఇవ్వడం వాళ్ళ సామర్థ్యాన్ని అవమానించడమే అవుతుందని కంపెనీ బాధపడింది. చురుగ్గా స్పందించినందుకు కోపైలట్‌కు కెప్టెన్ పదోన్నతి ఇచ్చింది. ఇంత ఆరోగ్యం వృథా పోకూడదని, ఎవరైనా సెలవు పెడితే ఆ విమానాలన్నీ పెద్దాయనకే అప్పగించింది.

"పోనీ ఇప్పుడైనా నిజం చెప్పేయండి" అంది భార్య, పెట్టె సర్దుతూ.

"ఇప్పుడు చెబితే, నిన్న డాక్టరు దగ్గర అబద్ధమాడానంటారే." కొత్తగా అతికించిన పన్నుతో మాట స్పష్టంగానే వచ్చింది. "అబద్ధమాడే కెప్టెన్‌కి సగం నెల కూడా ఇవ్వరు."

ఆవిడ పెట్టె మూసి ఆయన చేతికిచ్చింది. గుమ్మం దాకా వచ్చి, కారు మలుపు తిరిగేదాకా నిలబడింది.

ఆ వారం సంఘం మళ్ళీ సమావేశమై, పెద్దాయన ఆరోగ్యానికి అభినందనలు తెలుపుతూ ఏకగ్రీవంగా తీర్మానం చేసి, ఆయనకు సన్మానం చేద్దామని పిలిచింది. పెద్దాయన రాలేకపోయాడు, డ్యూటీలో ఉన్నాడు.