మూడో కోడలి ముఖం మీద మూడు జూమ్‌లు

మనిషి కనిపెట్టిన వాటిలో నిప్పు మొదటిది, చక్రం రెండోది, టీవీ సీరియల్లో జూమ్ మూడోది. మొదటి రెండూ లేకపోయినా ఎలాగోలా సర్దుకుపోవచ్చు. మూడోది లేకపోతే మనుషులు ఒకరి ముఖం ఒకరు చూసుకోవడమే మానేస్తారని నా గట్టి నమ్మకం.

నవ్వకండి. నేను సీరియస్‌గానే రాస్తున్నాను.

జూమ్ అంటే ఏమిటో తెలియని అమాయకులు ఇంకా ఎవరైనా మిగిలి ఉంటే వారి కోసం చెబుతాను. సీరియల్లో ఒకావిడ "కాఫీలో చక్కెర వేయలేదు" అంటుంది. వెంటనే ఉరుము ఉరుముతుంది. కెమెరా అత్తగారి ముఖం మీదికి ఒక్క దూకు దూకుతుంది. చాలదని వెనక్కి వెళ్లి మళ్లీ దూకుతుంది. మూడో దూకుకి ఆవిడ ఎడమ కనుబొమ దాకా వెళ్లి ఆగుతుంది. తర్వాత మామగారికి మూడు, కొడుకులకి తలా మూడు, కోడళ్లకి తలా మూడు. చివరికి గుమ్మం దగ్గర నీళ్ల గొట్టం పట్టుకుని నిలబడ్డ తోటమాలికీ మూడు. ఆ తోటమాలికి కాఫీతో ఏ సంబంధమూ లేదు. అయినా వాటాలో తేడా రాదు. ఇంతటి సమానత్వం మీరు ఇంకెక్కడైనా చూశారా?

నేను పుట్టుకతోనే జూమ్ భక్తుణ్ణి కాదు. ఒకప్పుడు పరమ నాస్తికుణ్ణి. మా ఊరి ఫిల్మ్ క్లబ్బుకి పదేళ్లు కార్యదర్శిగా చేశాను. ప్రతి ఆదివారం సినిమా తీయడంలోని నియమాల మీద ఉపన్యాసం ఇచ్చేవాణ్ణి. ఏడుగురు వచ్చేవాళ్లు. అందులో ఇద్దరు ఫ్యాన్ గాలి కోసం.

కెమెరా ఎందుకు కదిలిందో చెప్పలేకపోతే దాన్ని కదపకూడదు అనేవాణ్ణి. ఇద్దరు మాట్లాడుకుంటుంటే వాళ్ల మధ్య ఒక గీత ఉందనుకుని, కెమెరా ఆ గీతకి ఇవతలే ఉండాలి అనేవాణ్ణి. జూమ్ వాడక తప్పకపోతే, వాడినట్టు ఎవరికీ తెలియకుండా వాడాలి అని బల్ల గుద్ది చెప్పేవాణ్ణి. బల్ల కాలు ఒకటి అలాగే విరిగింది.

సీరియల్ వాళ్లు ఈ నియమాలన్నిటినీ ఒకే ఎపిసోడ్‌లో, మొదటి ప్రకటనల విరామం రాకముందే తుంగలో తొక్కేస్తారు. అత్తగారు ఎడమవైపు చూసి తిడుతుంది. కోడలు కూడా ఎడమవైపే చూసి జవాబిస్తుంది. చూసేవాళ్లకి ఇద్దరూ కలిసి కిటికీ కర్టెన్‌ని తిడుతున్నట్టు ఉంటుంది. మా క్లబ్బులో అయితే దీని మీద రెండు గంటల చర్చ పెట్టి ఉండేవాళ్లం. మా అమ్మ ఒక్క ముక్కలో తేల్చేసింది.

"ఎటు చూస్తే ఏంట్రా? తిట్టేది దాన్నేగా."

ఆ దెబ్బకి నా నాస్తికత్వం సగం పోయింది. మిగతా సగం పళ్ల డాక్టరు దగ్గర పోయింది. మా వీధి చివర పళ్ల డాక్టరు తన వెయిటింగ్ హాల్లో టీవీ పెట్టించాడు. నేను వెళ్లిన రోజు సీరియల్లో ఎవరో ఎవరినో చెంపదెబ్బ కొట్టారు. అప్పుడే ఒక పెద్దమనిషి పేరు పిలిచారు. ఆయన లోపలికి వెళ్లి, పన్ను పీకించుకుని, దూది కరుచుకుని బయటికొచ్చి, ఏమైందని చేత్తో సైగ చేశాడు.

"ఏం కాలేదండీ, ఇంకా ఆడపడుచు ముఖం దగ్గరే ఉంది" అన్నారు పక్కన కూర్చున్నావిడ.

ఆయన తృప్తిగా కూర్చున్నాడు. నొప్పి కూడా మరిచిపోయినట్టున్నాడు. చెప్పండి, మా నియమాల ప్రకారం తీసిన ఏ సినిమా అయినా ఒక మనిషి పన్ను ఊడి వచ్చేదాకా అతని కోసం ఆగుతుందా?

అయితే నన్ను పూర్తిగా మార్చింది వీళ్లెవరూ కాదు. మా ఆవిడ. మా అమ్మ రోజూ చూసే ఆ సీరియల్లో కెమెరా తిరిగే తొమ్మిది ముఖాల్లో ఏడోది మా ఆవిడది.

మా ఆవిడ అందులో మూడో కోడలు. ఆరేళ్లుగా ఆ హాల్లో, మెట్ల పక్కన, పూలకుండీకి కుడివైపు నిలబడుతోంది. ఈ ఆరేళ్లలో ఆవిడ ఒక్క మాట మాట్లాడలేదు. ఒకసారి తుమ్మింది, దాన్ని కూడా డబ్బింగ్‌లో తీసేశారు. ఆవిడ పని ఉలిక్కిపడటం. ఆ పనిలో ఆవిడని మించినవాళ్లు లేరని నేను మొహమాటం లేకుండా చెప్పగలను.

ఆ పని ఎలా జరుగుతుందో కూడా చెప్పాలి. నెలకోసారి రియాక్షన్ల రోజు అని ఒకటి ఉంటుంది. ఆ రోజు కథ ఉండదు, మాటలు ఉండవు. తొమ్మిది మందీ వరసగా నిలబడతారు. డైరెక్టరు కుర్చీలో కూర్చుని "షాక్" అంటాడు. అందరూ షాక్ తింటారు. "అనుమానం" అంటాడు. అందరూ అనుమానిస్తారు. "నిజం తెలిసింది, కానీ బయటపడకూడదు" అంటాడు. అదీ చేస్తారు. కెమెరా ఒక్కొక్క ముఖం మీదికీ మూడేసిసార్లు దూకి అన్నిటినీ పట్టుకుంటుంది. నెలకి సరిపడా వెచ్చాలు తెచ్చి డబ్బాల్లో పోసుకున్నట్టు వీటిని దాచి పెట్టుకుంటారు. ఆ తర్వాత కథలో ఎవరు చచ్చినా, ఎవరు బతికొచ్చినా ఎడిటరు ఆ డబ్బా తెరిచి తలా ఒక ముఖం తీసి అంటిస్తాడు. ఎండాకాలంలో పడ్డ ఉలికిపాటు వానాకాలంలో పనికొస్తుంది.

ఇక అసలు సంగతికి వస్తాను. ఆ సీరియల్లో ఒక బీరువా ఉంది. దాని తాళంచెవి పోయింది. బీరువాలో వీలునామా ఉందని కొందరి వాదన, మామగారి మొదటి పెళ్లి ఫొటో ఉందని మరికొందరి వాదన. రెండువందల పద్నాలుగు ఎపిసోడ్లుగా ఇంటిల్లిపాదీ ఆ చెవి కోసం వెతుకుతున్నారు. గడ్డపార తెచ్చి పగలగొట్టొచ్చు కదా అంటారా? ఇలాంటి ప్రశ్నలు వేసేవాళ్లే నాలాగా ఫిల్మ్ క్లబ్బులు పెడతారు.

చివరికి ఆ చెవి మూడో కోడలి దగ్గర ఉందని రచయిత నిర్ణయించాడు. ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదంటే, ఆవిడని ఎవరూ అడగలేదు. అంతకంటే నమ్మదగిన కారణం ఆ సీరియల్ మొత్తం మీద ఇంకొకటి లేదు.

అలా ఒక రోజు మా ఆవిడ చేతికి ఒక కాగితం వచ్చింది. దాని మీద నాలుగే నాలుగు మాటలున్నాయి. తాళంచెవి నా దగ్గరే ఉందండీ.

ఆ కాగితాన్ని ఆవిడ నాలుగు మడతలు పెట్టి హ్యాండ్‌బ్యాగ్‌లో లోపలి అరలో దాచుకుంది. పొయ్యి ముందు నిలబడి సాధన చేసేది. పెదవులు కదిలేవి, గొంతు మాత్రం బయటికి వచ్చేది కాదు. మా అమ్మ వింటే కథ ముందే తెలిసిపోతుందని ఆవిడ భయం. మా అమ్మ ఆ చెవిని చిన్న ఆడపడుచే కొట్టేసిందని పక్కింటావిడతో పందెం కాసి ఉంది. ఒక రోజు 'నా' అన్నచోట మా ఆవిడ తల పైకెత్తేది. ఇంకో రోజు 'దగ్గరే' అన్నచోట ఆగేది. పాలు రెండుసార్లు పొంగిపోయాయి. ఆరేళ్లలో ఆవిడ ముఖంలో అంత వెలుగు నేను చూడలేదు.

ఆ మాట ఎలా చెప్పాలో నేను ఆవిడకి వివరించాను. గంటన్నర పట్టింది. ఆవిడ తల ఊపింది.

మంగళవారం ఎపిసోడ్‌లో ఆ మాట రావాలి. అయితే దానికి ముందు మామగారు "ఎవరి దగ్గరుంది?" అని అడగాలి కదా. అడిగాడు. ఉరుము, తొమ్మిది ముఖాలు, ముఖానికి మూడు. ఎపిసోడ్ అయిపోయింది. బుధవారం, నిన్న చూడనివాళ్ల కోసం మళ్లీ అడిగాడు. గురువారం, "ఇంత అడుగుతున్నా ఎవరూ చెప్పరేం?" అని అడిగాడు. ఇలా మూడు వారాలు నడిచింది. రోజూ మా ఆవిడ మడతల కాగితం పట్టుకుని వెళ్లేది, రోజూ నోరు విప్పకుండానే తిరిగొచ్చేది.

నాలుగో వారంలో పిలుపొచ్చింది. ఆ రోజు నేనే స్కూటర్ మీద తీసుకెళ్లాను. ప్లైవుడ్ గోడలు, ఎక్కడికీ వెళ్లని మెట్లు, పగలు కూడా ఆర్పని లైట్లు. డైరెక్టరు నన్ను చూసి లేచి వచ్చాడు.

"మీ ఆవిడ కళ్లు జూమ్ కోసమే పుట్టాయి సార్" అన్నాడు. నాకూ గర్వంగానే అనిపించింది.

మామగారు అడిగాడు. మా ఆవిడ పూలకుండీ పక్కనుంచి ఒక్క అడుగు ముందుకు వేసి ఆ నాలుగు మాటలూ చెప్పింది. గొంతు పెంచలేదు, కళ్లు పెద్దవి చేయలేదు. వంటింట్లోంచి ఎవరైనా మామూలుగా చెప్పినట్టు చెప్పింది. నిచ్చెన మీది లైట్‌మన్ కూడా కదల్లేదు. కెమెరామన్ జూమ్ చేయడమే మరిచిపోయాడు.

"ఏంటయ్యా, కెమెరా కదపలేదేం?" అని డైరెక్టరు కేకేశాడు.

"వింటున్నాను సార్" అన్నాడు కెమెరామన్.

"వినడానికి సౌండ్ వాళ్లున్నారు. నువ్వు జూమ్ చెయ్యి."

రెండో టేక్ తీశారు. ఈసారి కెమెరా ఒళ్లు దగ్గర పెట్టుకుని మూడుసార్లు దూకింది.

ప్రసారం రోజు సాయంత్రం ఏడున్నరకి మా అమ్మ కుర్చీ ముందుకు జరుపుకుంది. నేను సోఫాలో కూర్చున్నాను. మా ఆవిడ ఎప్పటిలాగే మా వెనక, వంటింటి గుమ్మంలో నిలబడింది. మామగారు అడిగాడు. ఆకుపచ్చ బట్టల్లో మా ఆవిడ ఒక అడుగు ముందుకు వేసింది. పెదవులు కదిలాయి.

ఉరుము ఉరిమింది.

ఒక్క మాట వినపడితే ఒట్టు. ఆ వెంటనే కెమెరా తొమ్మిది ముఖాల మీదికీ బయల్దేరింది. ఏడోవారి వంతు వచ్చేసరికి ఎడిటరు అలవాటు కొద్దీ డబ్బా తెరిచి ఏడో ముఖం తీసి అంటించాడు. అంటే మళ్లీ మా ఆవిడే, ఈసారి పసుపు బట్టల్లో. తాను చెప్పిన మాటకి తానే ఉలిక్కిపడింది. అదీ మూడుసార్లు.

"ఏమందిరా?" అంది మా అమ్మ.

"చెవి తన దగ్గరే ఉందంది."

"దాచిందీ తనే, అదిరిపడ్డదీ తనేనా?"

వెనక్కి తిరిగి చూస్తే గుమ్మంలో ఎవరూ లేరు. లోపల కుళాయి నీళ్ల చప్పుడు వినిపించింది. టీవీలో రేపటి ఎపిసోడ్ తాలూకు ముక్క చూపించారు. మామగారు "ఎవరి దగ్గరుంది?" అని అడుగుతున్నాడు. పాపం, ఆయనకీ వినపడినట్టు లేదు.

మర్నాడు పొద్దున్నే నేను అగ్గిమీద గుగ్గిలం అయ్యాను. స్టూడియోకి వెళ్లి ఆ డైరెక్టర్ని నిలదీసి, అటో ఇటో తేల్చుకుని వద్దామని చొక్కా తొడుక్కున్నాను. స్కూటర్ తాళంచెవి కనపడలేదు. వెతుకుతూనే మాట్లాడుతున్నాను. ఒక మనిషి నోరు తెరిచినప్పుడే ఉరమాలని ఏ నియమంలో ఉంది? సొరుగు తీసి చూశాను. గీత దాటారు, సరే. కెమెరాని కోతిలా దూకించారు, అదీ సరే. సోఫా దిండ్లు ఎత్తి చూశాను. అన్ని నియమాలూ తీసి అవతల పారేసిన పెద్దమనుషులు, మూడో కోడలు మాట్లాడకూడదన్న ఆ ఒక్క నియమాన్ని మాత్రం అంత భద్రంగా ఎందుకు కాపాడుకుంటున్నారు? చెప్పుల స్టాండ్ కింద చూశాను. ఆరేళ్ల తర్వాత ఒక ఆడమనిషి నాలుగు మాటలు చెబుతుంటే వినే తీరిక లేదా వీళ్లకి? చక్కెర డబ్బాలో కూడా చెయ్యి పెట్టాను.

"అసలు ఈ ఇంట్లో ఒక్క వస్తువు ఉన్నచోట ఉండదు" అన్నాను చివరికి.

మా అమ్మ పేపర్ కిందికి దించింది.

"ఒరే, ఆ పిల్ల ఇప్పటికి మూడుసార్లు చెప్పింది."

"ఏమని?"

వెనక్కి తిరిగాను. మా ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. చెయ్యి తడిగా ఉంది. అరచేతిలో స్కూటర్ తాళంచెవి ఉంది.

"తాళంచెవి నా దగ్గరే ఉందండీ" అంది నాలుగోసారి. మొదటి టేక్‌లో చెప్పినట్టే చెప్పింది.

ఉరుము లేదు. నా ముఖం మీదికి దూకడానికి ఒక్క కెమెరా కూడా లేదు. పాఠకులారా, నిజ జీవితంలో ఉన్న పెద్ద లోపం ఇదే! ఆ క్షణంలో నా ముఖం ఎలా ఉందో నాకు మూడుసార్లు చూపించి ఉంటే ఎంత మేలు జరిగేదో. మా అమ్మ మాత్రం ఒకసారి చూసి మళ్లీ పేపర్ అడ్డం పెట్టుకుంది.

స్టూడియోకి వెళ్లలేదు. చొక్కా విప్పేశాను. మా ఆవిడని కుర్చీలో కూర్చోబెట్టి, ఎదురుగా నేనూ కూర్చుని, "చెప్పు, ఇవాళ పూర్తిగా వింటాను" అన్నాను. ఆవిడ చెయ్యి తుడుచుకుని, ఏదో చెప్పడానికి నోరు తెరిచింది. సరిగ్గా అప్పుడే నాకు ఈ వ్యాసానికి మంచి ఆరంభం తట్టింది. మరిచిపోతానేమోనని పైకే చెప్పేశాను, నిప్పు మొదటిది, చక్రం రెండోది అని.

అది రాసుకుని తలెత్తేసరికి కుర్చీ ఖాళీగా ఉంది. ఆవిడ ఏం చెప్పబోయిందో ఇంకా తెలియదు. అడగాలి.