రాజుగారి గ్రాఫిక్స్ గెంతు

ఒక పెద్ద అడవిలో రాజుగారికి నడుం పట్టేసింది. ఎన్నికలేమో ముంచుకొస్తున్నాయి. "నేను లోయ మీంచి ఒక్క గెంతు గెంతినట్టు సినిమా తియ్యండి. జనం నోళ్ళు మూతపడాలి," అంది సింహం.

నక్క నిర్మాత. కథ పుట్టకముందే విడుదల తేదీ చాటింపు వేయించింది. గ్రాఫిక్స్ పని గిజిగాడు పైడన్న నెత్తిన పడింది.

"తేడా వచ్చిందో, నువ్వే నా ఫలహారం," అని సింహం ముందే చెప్పేసింది.

పైడన్న పనితనానికి వంక పెట్టలేం. వెనకాల పచ్చటి ఆకుల తెర అల్లాడు. నాలుగు ఎలుగుబంట్లకి ఒళ్ళంతా పచ్చాకులు చుట్టాడు. అవి సింహాన్ని ఎత్తి పట్టుకుని పరిగెడతాయి. తర్వాత పచ్చగా ఉన్నదల్లా చీమలు ఫ్రేము ఫ్రేముకీ చెరిపేసి, అక్కడ లోయ బొమ్మ అతికిస్తాయి. సింహం ఒక్కటే గాల్లో మిగులుతుంది.

ఆకుల కాపలాకి మాత్రం నక్క ఒక మేకని పెట్టింది. మేక నక్కగారికి బాగా కావలసింది లెండి.

షాటు అయ్యాక పైడన్న తీసిన ఫ్రేములు చూసుకున్నాడు. ఎలుగుబంట్లు నల్లగా నిగనిగలాడుతున్నాయి. వాటికి చుట్టిన ఆకులన్నీ మేక కడుపులో ఉన్నాయి.

"ప్రభూ, మళ్ళీ తియ్యాలి!"

"నా నడుం మీ తాత సొమ్మా?" అని సింహం వెళ్ళి పడుకుంది.

"అదంతా గ్రాఫిక్స్‌లో చూసుకో," అంది నక్క.

"నల్ల బొచ్చు నక్కబాబూ! నలుగుర్నీ వెంట్రుక వెంట్రుకా చెరపాలంటే ఆరు నెలలు."

"విడుదల ఎల్లుండి. ఎవరో ఒకర్ని చెరిపెయ్. తేదీ మాత్రం కదలదు."

పైడన్నకి ఏడుపొచ్చింది. ఎల్లుండికి అయ్యే పని ఒక్కటే ఉంది. రాజుగారి జూలు ఎప్పుడో పలచబడింది. చీమలు ఒక్క పూటలో ఆయన్ని చెరిపేశాయి.

విడుదల రోజు అడవంతా కదిలొచ్చింది. తెర మీద నాలుగు ఎలుగుబంట్లు ముంగాళ్ళు పైకెత్తి, ఖాళీ గాలిని మోసుకుంటూ లోయ దాటాయి. పైడన్న రెక్కలో ముక్కు దాచుకున్నాడు.

"రాజుగారేరీ?" అంది కుందేలు.

"కనపడితే ఆయన రాజెలా అవుతాడే? అంత వేగం మరి!" అంది గాడిద, ఆనందబాష్పాలు తుడుచుకుంటూ. ఈలలు మోగిపోయాయి. కనపడని రాజుని అక్కడికక్కడే ఏకగ్రీవంగా ఎన్నుకున్నారు.

సింహం మండిపడుతూ వేదికెక్కింది. "ఆ గిజిగాడేడీ? నా ఫలహారం ఏదీ?"

జనం నిర్ఘాంతపోయారు. "వీడు కనపడుతున్నాడర్రోయ్!" అని గాడిద గావుకేక పెట్టింది. "దొంగ రాజు!"

నక్క ఒక్క క్షణం ఆలోచించింది. వేదిక మీది ఖాళీ గద్దెకి వంగి దణ్ణం పెట్టి, "చిత్తం ప్రభూ, ఇప్పుడే గెంటిస్తాం," అంది. ఎలుగుబంట్లు సింహాన్ని ఎత్తుకెళ్ళి, నిజం లోయకి అవతల దింపి వచ్చాయి.

ఆనాటి నుంచి ఖాళీ గద్దే ఏలుతోంది. పాలనలో తేడా ఇంతవరకూ ఎవరూ కనిపెట్టలేదు. పైడన్న బతికిపోయాడు. మేకకి పచ్చిక బయళ్ళ శాఖ దక్కింది.

నీతి: చెరపాల్సి వస్తే, తప్పు చేసినవాళ్ళ జోలికి పోకుండా తేలిగ్గా చెరిగేవాళ్ళని చూసుకోవాలి.