రామకోటేశ్వరరావు గారి జపాను పూచీకత్తు

"కృష్ణా డెల్టాలో పేదరికాన్ని తొమ్మిది నెలల్లో నిర్మూలిస్తాను. దాని కిటుకు జపానులో ఉంది. నేనే స్వయంగా వెళ్ళి పట్టుకొస్తాను."

డెబ్భయ్యారులో భవానీపురం సభలో రామకోటేశ్వరరావు గారు ఇలా ప్రకటించినప్పుడు నేను మొదటి వరసలో కూర్చుని చప్పట్లు కొట్టాను. ఒంటిమీది ఖద్దరు, నాలుగెకరాల చెక్క తప్ప తనకేమీ లేదని కూడా అన్నారు. ఆ మాటకి మా ఆవిడ కళ్ళు తుడుచుకుంది. ఇంతటి త్యాగి మన జిల్లాలో పుట్టడం మన అదృష్టం కాక మరేమిటి?

ఆయన త్యాగం సంగతి నాకు బాగా తెలుసు. తాలూకా ఆఫీసు వరండాలో టైపు మిషను పెట్టుకుని అర్జీలు కొట్టుకునేవాణ్ణి. సీలింగు దాటిన భూమి సర్కారు తీసుకుంటుందని భూసంస్కరణల చట్టం వచ్చినప్పుడు, తనకెంత భూమి ఉందో చెబుతూ ఆయనిచ్చిన డిక్లరేషన్ కొట్టింది నేనే. నాలుగెకరాల ఇరవై సెంట్లు. అంతకుముందు ఆయన పాలేరు శౌరయ్య పేర పద్దెనిమిదెకరాల దస్తావేజు కొట్టిందీ నేనే. రేషన్ కార్డు కాగితమనుకుని శౌరయ్య సంతకాలు పెట్టాడు.

ఈ శౌరయ్య కాపురం కాలవగట్టు మీద గుడిసెలో. ఇల్లేసుకోడానికి రెండు సెంట్ల జాగా ఇప్పించమని పదేళ్ళుగా ఆయన్ని అడుగుతున్నాడు. "చూద్దాంలేరా" అని పదేళ్ళుగా ఆయన ఓపిగ్గా చెబుతున్నారు. విసుక్కోవడం ఆయన వంట్లో లేదు.

సూటు కుట్టించారు. దండలు పడ్డాయి. పెట్టె పట్టుకున్న ఫొటో పేపర్లో వచ్చింది. అంతలో ఎంబసీ నుంచి ఉత్తరం. రానూపోనూ చార్జీలు, నెల రోజుల ఖర్చు భరించే స్తోమత ఉన్నట్టు రుజువు చూపితేగాని వీసా ఇవ్వరట.

రామకోటేశ్వరరావు గారు తహసీల్దారు దగ్గరికొచ్చి స్తోమతకి రుజువుగా సాల్వెన్సీ సర్టిఫికెట్ అడిగారు. తహసీల్దారు ఫైలు తీశారు.

"మీ డిక్లరేషన్ ప్రకారం మీరు చిన్న రైతండీ. ఈ స్తోమత బందరు వెళ్ళి రావడానికి సరిపోతుంది. టోకియోకి చాలదు."

"అది సీలింగు కోసం రాసిందండీ."

"ఆ ఫైలూ ఈ బీరువాలోనే ఉందండీ."

గొప్పవాళ్ళ బుర్ర ఇలాంటప్పుడే పనిచేస్తుంది. "పోనీ, స్తోమతున్న మనిషి నాకు పూచీ పడితే?"

"భేషుగ్గా చెల్లుతుంది. ఎవరు?"

"మా శౌరయ్య."

అయితే పద్దెనిమిదెకరాలూ శౌరయ్య సొంతమేననీ, తనకిగాని తన వారసులకిగాని దానిమీద ఏ హక్కూ లేదనీ అఫిడవిట్ ఇమ్మన్నారు తహసీల్దారు. నేను మూడు కాపీలు కొట్టాను. "మన శౌరిగాడేగా" అంటూ ఆయన మూడింటి మీదా సంతకం చేశారు. శౌరయ్య పేర సర్టిఫికెట్ తయారైంది. ఇక పూచీకత్తు మీద శౌరయ్య సంతకమే మిగిలింది.

మర్నాడు శౌరయ్యనీ, అతని భార్య తెరేసమ్మనీ జీపులో తీసుకొచ్చారు. శౌరయ్య గుమ్మం బయటే ఆగాడు.

"పద్దెనిమిదెకరాల ఆసామి నిలబడ్డమేంటండీ, లోపలికొచ్చి కూర్చోండి" అన్నారు తహసీల్దారు.

శౌరయ్య వెనక్కి తిరిగి చూశాడు. ఎవరూ లేరు. "నన్నేనాండీ?"

"నిన్నేరా" అన్న రామకోటేశ్వరరావు గారు, తహసీల్దారు మొహం చూసి సర్దుకున్నారు. "మిమ్మల్నే, శౌరయ్య గారూ."

గదిలో ఖాళీ కుర్చీ లేదు. ఆయనే లేచి తన కుర్చీ ఇచ్చారు. సోషలిజాన్ని అంత దగ్గర్నుంచి చూడ్డం నాకదే మొదలు.

"ఆ పొలం నాదాండీ?"

"మీదే. ఇదిగో, ఆయన రాసిచ్చారు."

కాన్వెంటు బళ్ళో అయిదు దాకా చదివిన తెరేసమ్మ అఫిడవిట్ అందుకుని రెండుసార్లు చదివింది. ఒక కాపీ మడిచి చేతిసంచిలో పెట్టుకుంది. తర్వాత పూచీకత్తు చదివింది.

"ఈయన తిరిగి రాకపోతే ఖర్చులు మా పొలం మీద పడతాయని రాసుంది గదండీ."

"రాక ఎక్కడికి పోతానమ్మా?"

తెరేసమ్మ తహసీల్దారు వైపు తిరిగింది. "ఈయనకి ఆస్తులేవన్నా ఉన్నాయాండీ?"

ఆయన ఫైలు చూసి చెప్పారు. "నాలుగెకరాల ఇరవై సెంట్లు."

"పిల్లలున్నోళ్ళం. నాలుగెకరాలాయనకి మనం పూచీ పడ్డమేంటి?" అంది తెరేసమ్మ మొగుడితో.

"ఇవాళ కాగితాలు పోస్టులో పడకపోతే నా ప్రయాణం పోతుందయ్యా" అన్నారు రామకోటేశ్వరరావు గారు. "ఒక్క సంతకం, శౌరయ్యా."

శౌరయ్య కుర్చీలో కాస్త వెనక్కి జారగిలబడ్డాడు.

"చూద్దాంలెండి" అన్నాడు, ఓపిగ్గా.