డాక్టరమ్మ గుమ్మంలో ముల్లంగి

ఆ రోజు ఆ ఇంట్లో ఉన్నది ముగ్గురు. ఇంటి యజమానురాలు తోమె మామ్మ, ఆమె మనవరాలు చిజురు, మేడ మీద అద్దెకుంటున్న డాక్టరమ్మ కువబార. ఈ డాక్టరమ్మ మందులివ్వదు. కోతులు, అడవిపందులు పంటలనెలా పాడుచేస్తాయో చదవడంలోనే ఆమె తల నెరిసింది.

ఉదయం టీ తాగి, తన పని పరిశీలించడానికి పట్నం నుంచి వస్తున్న అధికారి హిరాయామకు పొలాలు తిప్పి చూపించాలని ఆమె అనుకుంది. ఒక్క కోతి కనబడినా ఆమె పని దండగని తేల్చి, పట్నంలో బల్ల ముందు కూర్చోబెడతారు. ఈ భయం ఆమె చిజురుకు మాత్రమే చెప్పుకుంది. చిజురు బిడియస్తురాలు, ఎవరితోనూ మాట్లాడదు. అందుకని నానమ్మకు మాత్రమే చెప్పింది. నానమ్మ ఊరందరికీ చెప్పింది.

ఆ కొండ ఊరికి డాక్టరమ్మంటే ప్రాణం. పొలంలో తిండే లేకపోతే కోతులెందుకొస్తాయని ఎవరికి వారే ఆలోచించి, తెల్లారేసరికి ముల్లంగి పీకారు, క్యాబేజీ కోశారు, చిలగడదుంపలు తవ్వారు. పీకినదాన్ని ఏం చేయాలి? అక్కడ పంట మిగిలితే ఇష్టమైనవాళ్ల గుమ్మంలో చప్పుడు చేయకుండా పెట్టిపోతారు. తలుపు తట్టి ఇవ్వడం మోటు. అందరూ మర్యాదగానే నడుచుకున్నారు.

చిజురు తలుపు పక్కకు జరపగానే ఒక గుమ్మడికాయ దొర్లుకుంటూ లోపలికొచ్చింది.

"డాక్టరమ్మా, ఊరి పంటంతా మన గుమ్మంలోనే ఉంది," అంది నెమ్మదిగా.

ముగ్గురూ వాటిని లోపలికి మోయడం మొదలుపెట్టారో లేదో, ఖాళీ పొలాలు చూసి విసుగెత్తిన కోతుల గుంపు వాసన పట్టుకుని దిగింది. డాక్టరమ్మ చీపురెత్తింది. ఒక పెద్ద కోతి చీపురు లాక్కుని, దానిమీదే కూర్చుని ముల్లంగి కొరికింది. మామ్మ గిన్నెలు మోగించింది. భోజనానికి పిలుస్తున్నారనుకుని మిగతావీ వచ్చాయి.

హిరాయామ కారు సరిగ్గా అప్పుడే ఆగింది. డాక్టరమ్మ తల వంచుకుంది. మనసులో పెట్టె కూడా సర్దేసుకుంది.

ఆయన గుమ్మంలో కోతుల్ని చూసి అన్నాడు: "దారిలో పొలాలన్నీ చూసుకుంటూ వచ్చానండి. ఒక్క కోతి లేదు. అన్నింటినీ ఒక్క చోటికి రప్పించారన్నమాట. ఇంకో మూడేళ్లు ఇక్కడే ఉండి, పక్క ఊళ్లకూ ఈ పద్ధతి నేర్పండి."

నడుం వంచి దణ్ణం పెట్టి కారు వైపు నడిచాడు.

"ఆగండి మామ్మా, నిజం చెప్పొస్తాను. ఇది నా పరిశోధన కాదు, మీ ముల్లంగి," అంటూ డాక్టరమ్మ ఆయన వెనకే అడుగేసింది.

"ముల్లంగి మాదే. నువ్వు మాత్రం ఎవరిదానివే?" అంది మామ్మ, ఆమెను రెక్క పట్టుకుని లోపలికి లాగుతూ.

ఎవరితోనూ మాట్లాడని చిజురు, డాక్టరమ్మ మళ్లీ బయటికి పోకుండా తలుపు మూసింది. డాక్టరమ్మ లోపల, కోతులు బయట. ఇంకో మూడేళ్లకు ఏర్పాటు కుదిరింది.