సూరిబాబు మాస్టారి కొమ్ములు

ఒక పెద్ద అడవిలో అని మొదలెట్టాలనే నాకూ ఉంది. కానీ అబద్ధమెందుకు, అది ఓ మోస్తరు అడవి. వాగుకి ఇవతల సంత, అవతల బడి. ఆ బడిలో డ్రిల్లు మాస్టారు దుప్పి సూరిబాబు.

పిల్లలకి ఆటలు నేర్పమని ఆయన్ని వేశారు. వేసినవాళ్ళే ఆ సంగతి ఎప్పుడో మరిచిపోయారు. తప్పు ఆయనది కాదు, ఆయన కొమ్ములది. తల నిండా రెమ్మలు రెమ్మలుగా ఉండేవేమో, చూసినవాళ్ళకల్లా వాటికి ఏదో ఒకటి తగిలించాలనిపించేది. మొదట హెడ్మాస్టరు ఎలుగుబంటి భద్రంగారు "రెండ్రోజులేనయ్యా" అంటూ బడిగంట తగిలించారు. దాని పక్కన తాళాలగుత్తి చేరింది. ఆ తరవాత దెబ్బలకి మందుపెట్టె, మైకు తీగలు, అతిథులకి వేసే దండలు. ఇంకో రెమ్మ ఖాళీగా ఉందని వంటావిడ గరిటె కూడా పెట్టిపోయింది.

ఇక చూడండి ఆయన అవస్థ. పొద్దున ప్రార్థన లైను ఆయనదే, మధ్యాహ్నం భోజనం లైను ఆయనదే. ఏ పంతులు సెలవు పెట్టినా ఆ క్లాసు ఆయనదే. మోకాలు చెక్కుకుపోయినవాడూ, బడి ఎగ్గొట్టి రేగుపళ్ళకి పోయినవాడూ ఆయన నెత్తినే. ఆటల పీరియడు మాత్రం ఆయనది కాదు. లెక్కల టీచరు గుడ్లగూబ సత్యవేణిగారు వచ్చి, "సిలబస్ మిగిలిపోయిందండీ సూరిబాబుగారూ, మీకెలాగూ పనేం లేదు కదా!" అని ఆ కాస్తా పట్టుకుపోయేవారు.

పనేం లేదట! కొమ్ముకి గంట ఊగుతుండగా ఆ మాట విని కూడా నవ్వి ఊరుకున్నాడంటే, ఎంత మంచివాడో మీరే చెప్పండి.

ఒకరోజు పదో తరగతి ముంగిస నూకాలు వచ్చి నిలబడింది. ఆ పిల్ల పరిగెత్తితే గడ్డి కూడా కదిలేది కాదు.

"మాస్టారూ, నాకిదే ఆఖరి ఏడాది. ఒక్కసారైనా ఖోఖో పోటీలకి తీసుకెళ్ళరా?"

పదేళ్ళుగా పిల్లలు ఇదే అడుగుతున్నారు, సూరిబాబు వచ్చే ఏడు చూద్దామంటున్నాడు. ఆ పళంగా హెడ్మాస్టరు గదికి వెళ్ళాడు. భద్రంగారు తేనెపట్టు చప్పరిస్తూ ఉన్నారు.

"ఖోఖోనా? దానికి గ్రౌండు కావాలి కదయ్యా. గ్రౌండులో మా జొన్నలు ఎండుతున్నాయి."

"గ్రౌండు నేను అడగనండి. పోటీలకి పంపిస్తే చాలు."

"సరే పో. కప్పు తెచ్చావనుకో, ఆటల పీరియడు ఆటలకే ఇప్పిస్తా. నీ కొమ్ముల మీది సామానంతా దింపించేస్తా. ఈ తేనె మీద ఒట్టు!"

ఆ ఒట్టు విని సూరిబాబు గాల్లో తేలిపోయాడు. గ్రౌండు లేదు, పీరియడు లేదు. ఉన్నవల్లా పనులు. సరే, ఆ పనుల్లోనే ఆట నేర్పుదామని ఓ ఎత్తు వేశాడు.

బడి ఎగ్గొట్టినవాళ్ళని పట్టుకురావడం నూకాలుకి అప్పగించాడు. తరమడం వచ్చేసింది. భోజనం లైనులో పిల్లల్ని ఒకడు ఇటూ ఒకడు అటూ తిప్పి కూర్చోబెట్టాడు. ఖోఖో వరస వచ్చేసింది. అన్నిటికీ ఈలే. ఒక పొడుగు ఈల వేస్తే ప్రార్థన. రెండు పొట్టి ఈలలు వేస్తే భోజనం. మూడు పొట్టి ఈలలు వేస్తే అతిథి వస్తున్నాడని అర్థం, ఉన్నపళంగా లేచి కుర్చీలు వెయ్యాలి. మూడో ఈల ఆగేలోపు పిల్లలు కుర్చీలు వేసేసేవాళ్ళు. ఆ వేగం చూసి మాస్టారు మురిసిపోయేవాడు.

పోటీల్లో మనవాళ్ళు దుమ్ము లేపారు. కుందేళ్ళ బడిని ఓడించారు, అడవిపందుల బడిని ఓడించారు. ఫైనల్లో తోడేళ్ళ బడి. ఒక్క నిమిషం ఉంది. ఒక్క తోడేలు మిగిలింది. అది దొరికితే కప్పు మనది, లేకపోతే వాళ్ళది. నూకాలు దాని తోక దాకా వచ్చేసింది.

"పట్టేయ్ తల్లీ!" అని సూరిబాబు అరిచిన అరుపుకి మందుపెట్టె కిందపడింది.

పొద్దున్న పదింటికి రావలసిన ముఖ్య అతిథి పులిగారు సరిగ్గా అప్పుడు దిగబడ్డారు. పులిని చూడగానే రెఫరీ కొంగ గబుక్కున ఈల నోట పెట్టుకుంది. ఆట ఆపమని మూడు పొట్టి ఈలలు వేసింది.

అంతే! నూకాలు గిర్రున వెనక్కి తిరిగింది. వరసలో కూర్చున్న ఎనిమిదిమందీ లేచారు. రెప్పపాటులో వేదిక మీద కుర్చీలు బారులు తీరాయి, మంచినీళ్ళ గ్లాసుతో సహా. అయ్యో, ఆగండర్రా అని కేకేద్దామనుకున్నాడు సూరిబాబు. తీరా చూసుకుంటే తనే అందరికంటే ముందు వేదిక మీద ఉన్నాడు, పులిగారి మెడలో దండ వేస్తూ.

గడియారం చూసే తాబేలుకి ఆపమని ఎవరూ చెప్పలేదు. టైమైపోయింది. కప్పు తోడేళ్ళు పట్టుకుపోయాయి. నూకాలు వేదిక మెట్ల మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. మాస్టారికీ ఏడుపొచ్చింది, కానీ ఆ పక్కనే మైకు పట్టుకుని నిలబడాల్సి వచ్చింది.

"ఆహా, ఏం క్రమశిక్షణ!" అన్నారు పులిగారు. తలుపంత క్రమశిక్షణ షీల్డు ఒకటి అప్పటికప్పుడు బహూకరించారు.

భద్రంగారి ఆనందం అంతా ఇంతా కాదు. "ఖోఖో కప్పుదేముందయ్యా, ఏటా ఎవడో ఒకడు తెస్తాడు! ఇకనుంచి చుట్టుపక్కల అయిదు బళ్ళలో కుర్చీలు వేయించే బాధ్యత నీదే" అన్నారు. షీల్డు పెట్టడానికి బీరువా లేదు. అందరూ అటూ ఇటూ చూసి, ఆఖరికి దాన్ని కూడా ఆయన కొమ్ములకే తగిలించారు.

షీల్డు బరువుకో, లేక కాలమే వచ్చిందో, ఎండలు ముదరకముందే ఒకనాడు సూరిబాబు కొమ్ములు రెండూ ఊడిపోయాయి.

భద్రంగారు వాటిని సామానుతో సహా స్టాఫ్ రూము గోడకి కొట్టించారు. గంట సత్యవేణిగారి కుర్చీ పైకొచ్చింది కాబట్టి కొట్టడం ఆవిడ పనైంది. ఆ హడావుడిలో ఆటల పీరియడు అడగడానికి ఆవిడకి తీరిక చిక్కలేదు. బోడితల దుప్పి వరండాలో నడిచిపోతుంటే ఎవరూ పలకరించనైనా లేదు. తగిలించడానికి ఏమీ లేని తలని చూసి ఏం చేస్తారు?

సూరిబాబు నెమ్మదిగా పిల్లల్ని పోగుచేసుకుని వాగు ఇసకలోకి వెళ్ళాడు. ఈల పారేశాడు. రోజూ ఓ గంట ఖోఖో. నూకాలు పరుగు చూస్తూ, "ఇన్నేళ్ళకి మాస్టరునయ్యాను" అని కళ్ళు తుడుచుకున్నాడు.

నెలరోజులకి ఆ పిల్లే ఆయన తలకేసి చూసి ఆగిపోయింది. "మాస్టారూ! మళ్ళీ మొలుస్తున్నాయండీ!"

వాగు గట్టు మీద భద్రంగారు అయిదు బళ్ళ తాళాలు పట్టుకుని ఎవరికోసమో వెతుకుతూ వస్తున్నారు. సూరిబాబు గబగబా భుజం మీది తువ్వాలు తీసి తలకి చుట్టేసుకున్నాడు.

"ఏమయ్యా, తలకేమైంది?" అన్నారు భద్రంగారు.

"జలుబండి."

"అయ్యో, జాగ్రత్త" అని ఆయన ఇంకో తలని వెతుక్కుంటూ వెళ్ళిపోయారు.

నీతి: కొమ్ములు మొలుస్తున్నవాడు ముందుగా తలపాగా చుట్టడం నేర్చుకోవాలి.