ఇరవైమూడు పేజీల పడవ

"గంగబాబు ఫోనెత్తట్లేదంటే మగ్గం గుంటలో పడిపోయుంటాడే," అంది అమ్మాజీ, కాఫీ గ్లాసు ముట్టుకోకుండానే.

కూతురు ఉషారాణి చెప్పులేసుకుంది. మూడు నవలలు రాసిన ఆమెకు ఇది మొదటి బొమ్మల పుస్తకం. కథా, మాటలూ ఆమెవి. బొమ్మలు బండారులంకలో చీరలకు డిజైన్లు గీసే గంగబాబువి. ఇరవైనాలుగు పేజీలూ సాయంత్రం ఐదుకల్లా హైదరాబాదులోని ఎడిటర్ పుష్పలతకు అందాలి. అందకపోతే ఆ అవకాశం ఇంకో రచయితకు పోతుంది. పొద్దున్నే వెళ్లి బొమ్మలు తెచ్చుకోవడం, మధ్యాహ్నానికి పంపేయడం, అదీ ఆమె ప్లాను.

"ఒక్కదానివే వెళ్లకు. అక్కడేం చూడాల్సొస్తుందో," అంటూ తల్లి కూడా ఆటో ఎక్కింది. అమలాపురం దాటాక రోడ్డు పక్కన నలుగురు గుమిగూడి కనిపిస్తే ఆటో ఆపించింది. వాళ్లు కొబ్బరి బొండాలు కొట్టించుకుంటున్నారు.

గంగబాబు నిక్షేపంలా ఉన్నాడు. ఫోను ఛార్జింగులో ఉంది. "అయిపోయిందండి," అని బొమ్మల కట్ట చేతికిచ్చాడు.

మొదటి పేజీలో కథానాయిక పడవలో కూర్చుని ఉంది. రెండో పేజీలోనూ అదే పడవ, అదే కూర్చోవడం. ఉషారాణి గబగబా తిప్పింది. పదకొండో పేజీలో పెళ్లి జరగాలి. బొమ్మలో పడవే ఉంది.

"పెళ్లేదండీ?"

"మాటల్లో ఉంది గదండీ, మీరు రాసినట్టే. చీర ఒళ్లంతా ఒకటే బుటా ఉండాలండి. పనితనమంతా కొంగులో చూపిస్తాం. ఆఖరి పేజీ చూడండి."

ఆఖరి పేజీలో గోదారి వరద కళ్లు చెదిరేలా ఉంది.

"ఇలా వెయ్యమని ఎవరు చెప్పేరు?"

"కథ కాగితాలివ్వడానికొచ్చినప్పుడు అమ్మాజీ గారేనండి. కొత్తగా ఏం చెయ్యొద్దు, మీ చీరల పద్ధతిలోనే కానిమ్మన్నారు."

ఉషారాణి తల్లి వైపు తిరిగింది.

"కొత్త పనని బెదిరిపోయి మధ్యలో మానేస్తాడేమోనని అన్నానే," అంది అమ్మాజీ. "అయినా ఇరవైమూడు పేజీల్లోనూ పడవ మునక్కుండానే ఉందిగా. మంచిదే."

"మళ్లీ గియ్యడానికి ఎన్నాళ్లు పడుతుందండీ?"

"నెల్లాళ్లండి."

చేసేదిలేక పేజీలన్నీ ఫోటోలు తీసి పుష్పలతకు పంపింది. పొరపాటైందని, గడువు కావాలని రాయబోతుంటే తల్లి చెయ్యి పట్టుకుంది. "తప్పు మనదేనని రాసివ్వకే. కేసు పెడతారు." ఇద్దరూ ఆ పెనుగులాటలో ఉండగానే ఫోను మోగింది. ఉషారాణి స్పీకర్లో పెట్టింది.

"చూశానండీ," అంది పుష్పలత. "ఇల్లు మారినా, పెళ్లయినా, ఆవిడ మాత్రం ఆ పడవలోనే ఉండిపోయింది. మా ఆఫీసులో ఇద్దరు ఏడ్చేశారు. ఇలాగే వేస్తాం."

అమ్మాజీ గుండె మీద చెయ్యేసుకుంది. గంగబాబు మొహమాటంగా నవ్వాడు.

"ఒక్కటే మార్పండీ," అంది పుష్పలత. "మాటలు అడ్డమొస్తున్నాయి. తీసేద్దాం."



"మరి నా పేరు ఉంటుందాండీ?" అంది ఉషారాణి.

అవతల చాలాసేపు చప్పుడు లేదు. లైను తెగిపోయిందనీ, హైదరాబాదులో ఏదో ఉపద్రవం వచ్చిందనీ అమ్మాజీ అనుకుంటుండగా పుష్పలత పలికింది.

"ఉంటుందండీ. కృతజ్ఞతల్లో."