ఎడమచేతి వడ్రంగులు కావలెను

"ఇకమీదట ఈ జిల్లాలో రాలే ప్రతి రంపపు పొట్టూ అంతర్జాతీయ ప్రమాణాలతోనే రాలుతుంది" అని శ్రీకాకుళం అతిథిగృహంలో విలేకరుల ముందు ఉమాశంకర్ గారు ప్రకటించారు. ఆయన ఉత్తర కోస్తా దారువృత్తుల ప్రగతి సంస్థకు చైర్మన్. అంత పేరు నోరు తిరగని జనం దాన్ని కర్రల కార్పొరేషన్ అంటారు. పదవి వచ్చి పద్నాలుగు నెలలైంది. ఈ పద్నాలుగు నెలలూ ఆయన వడ్రంగుల గురించి ఎంత తీవ్రంగా ఆలోచించారంటే, ఒక్క వడ్రంగితోనైనా మాట్లాడటానికి తీరిక దొరకలేదు.

ఆ ఆలోచన చివరికి జర్మనీ దగ్గర తేలింది. అక్కడి పనిముట్లు కొని తెచ్చి, నలభై మంది పేద వడ్రంగులకు తలా ఒక సెట్టు పంచాలి. వెళ్లేది ఏడుగురు. చైర్మన్, ఆయన భార్య ఉష, బావమరిది, పీఏ, ఫొటోగ్రాఫరు, సంస్థ మేనేజరు యుగంధర్. ఇంతవరకూ సాఫీగానే సాగింది. ఏడోవాడు వడ్రంగి అయి తీరాలని రూల్సులో ఎవరో రాసిపెట్టారు. పాస్‌పోర్టు ఉన్న వడ్రంగి కోసం జిల్లా అంతా గాలిస్తే నౌపడ అవతల, సముద్రపొడ్డున, కూర్మయ్య దొరికాడు. గల్ఫులో పడవల పని ఇప్పిస్తానన్న ఏజెంటు ఒకడు నాలుగేళ్ల కిందట అతనికి పాస్‌పోర్టు తీయించి, తర్వాత తనే ఎటో వెళ్లిపోయాడు.

యుగంధర్ జీపు వచ్చేసరికి కూర్మయ్య బాడిసతో గంగులు పడవకి చెక్క చెక్కుతున్నాడు. గంగులు చేపల వేటకెళ్లేవాడు. పాత పడవ కిందటేడు తుపానులో పోయింది. ఏప్రిల్ నడిమి నుంచి రెండు నెలలు వేట నిషేధం. జూన్ పదిహేనున నిషేధం తీరేసరికి కొత్త పడవ నీళ్లలో ఉండాలి. లేకపోతే ఆ ఏటి సీజను గంగులుకి లేనట్టే.

"పది రోజులు జర్మనీ వెళ్లాలి. నలభై సెట్లలో మొదటిది నీకే" అన్నాడు యుగంధర్.

జీపు వెళ్లాక గంగులు అడిగాడు. "ఏటి బావా, నా పడవ ఒగ్గీసి జెర్మనీ ఎల్లిపోతావా?"

"పది రోజులేరా. ఆ సామాను సేతికొస్తే నీ పడవ సగం రోజుల్లో లేసిపోతాది."

"రాకపోతే? పదేనో తారీకున అందరూ ఏటకెల్లిపోతే నాను ఒడ్డున కూకుని ఇసక లెక్కెట్టాలేటి?"

"నోర్ముయ్ రా. శకునం మాటలూ నువ్వూ."

జర్మనీలో ఒక చిన్న పట్నం. అందులో ఒక పెద్ద పనిముట్ల దుకాణం. కళ్లజోడు పెట్టుకున్న ముసలాయన ఒకడు ఎదురొచ్చి, ఏ కలప కోసం కావాలని అడిగాడు. పీఏ దాన్ని తెలుగు చేశాడు.

"పేదల కోసం అని చెప్పు" అన్నారు చైర్మన్.

ముసలాయన ఓపికగా మళ్లీ అడిగాడు. గట్టి కలపా, మెత్త కలపా?

"మెత్తవాళ్లే. ఏమన్నా పడతారు."

ఈలోగా చైర్మన్ కళ్లు ఒక మూలనున్న ఎర్ర బోర్డు మీద పడ్డాయి. అక్కడున్న సామానంతా సగం ధరకే. లెక్కపెడితే సరిగ్గా నలభై సెట్లు. దేవుడు ఇంత స్పష్టంగా మాట్లాడటం యుగంధర్ తన సర్వీసులో చూడలేదట.

కూర్మయ్య ఒక రంపం తీసి పట్టుకున్నాడు. పిడి అరచేతికి అడ్డం తిరిగింది. గొడ్డలి చూశాడు. అంచు ఒకవైపే సాన పట్టి ఉంది. అది తనకు అక్కర్లేని వైపు. దాన్ని ఎడమ చేతిలోకి మార్చాడు. చంకలో బిడ్డలా కుదురుగా కూర్చుంది.

"బాబూ, ఇవి ఎడంసెయ్యి వాటమోల్లవి. అందుకే మిగిలిపోయినాయి."

"అయితే?"

"మనోల్లంతా కుడిసేతోల్లు గదా బాబూ."

చైర్మన్ ముఖంలో బాధ కనిపించింది. "ఇదేనయ్యా మన దరిద్రం. కోట్ల మంది ఒక చెయ్యి ఊరికే ఖాళీగా పెట్టుక్కూర్చుంటే దేశం ఎలా ముందుకెళ్తుంది?"

ఆ బాధను ఫొటోగ్రాఫరు మూడు వైపుల నుంచి తీశాడు.

పనిముట్లు సాంకేతికంగా యోగ్యమైనవని బృందంలోని వడ్రంగి రాసివ్వాలి. యుగంధర్ కాగితం ముందు పెట్టాడు. కూర్మయ్య పెన్ను అందుకోలేదు. పీఏ దగ్గరగా వచ్చి, "నీ రిటర్న్ టికెట్టు నా దగ్గరే ఉంది" అని మామూలుగా గుర్తుచేశాడు. అద్దంలోంచి కూర్మయ్య బయటికి చూశాడు. సన్నటి చలి వాన. రోడ్డు మీద తన భాష మాట్లాడే మనిషి ఒక్కడూ లేడు. సంతకం పెట్టాడు.

తిరుగు ప్రయాణంలో మేడమ్ గారి సామాను బరువెక్కువైంది. దాన్నీ పనిముట్ల జాబితాలోనే కలిపి యుగంధర్ తన కార్యదక్షత చాటుకున్నాడు. సెంటు సీసాలు వార్నిష్ అయ్యాయి. చాక్లెట్లు లప్పం అయ్యాయి. బావమరిది కొనుక్కున్న నడుం నొక్కే మిషన్ చిత్రిక యంత్రం అయింది. విశాఖలో కస్టమ్స్ అధికారి ఒక సీసా మూత తీసి వాసన చూసి, "మంచి వార్నిష్ సార్" అని మెచ్చుకుని వదిలేశాడు.

వారం తిరక్కుండా పేపర్లలో ప్రకటన పడింది. ఎడమచేతి వడ్రంగులు కావలెను. దరఖాస్తుతో పాటు తహశీల్దారు ఇచ్చిన ఎడమచేతివాటం ధ్రువపత్రం జతపరచాలి. దానికోసం తహశీల్దారు ఎదుట ఎడమ చేత్తో ఒక ప్లేటు ఉప్మా పూర్తిగా తిని చూపాలి. కొంతమంది మనసొప్పక ప్లేటు వదిలేసి వెళ్లిపోయారు. వాళ్లందరూ వడ్రంగులే. ఉప్మా నాకేసినంత శుభ్రంగా తిన్నవారిలో రేషన్ డీలరు ధర్మేంద్ర, ఇద్దరు కేబుల్ ఆపరేటర్లు, చైర్మన్ గారి డ్రైవరు తమ్ముడు ఉన్నారు.

"నాకు ముందే ఇస్తానన్నారు గద బాబూ" అన్నాడు కూర్మయ్య.

"రూలు రూలే" అన్నాడు యుగంధర్.

పడవను తలుచుకుని కూర్మయ్య కూడా తిన్నాడు. కబురు తనకన్నా ముందే ఇంటికి చేరింది. భార్య బుల్లమ్మ అన్నం వడ్డించి, కంచం దూరం నుంచే తోసింది. "ఏ సేత్తో తింటావో తిను. నాను సూడను."

అరసవల్లిలో కల్యాణమండపం అద్దెకు తీసుకుని పంపిణీ సభ పెట్టారు. మంత్రిగారు వచ్చారు. పసుపు రాసి, బొట్లు పెట్టి, దండలు వేసిన నలభై సెట్లు వేదిక మీద వరసగా ఉన్నాయి. మొదటి పేరు కూర్మయ్య. అతను మెట్లెక్కి, ధ్రువపత్రంలో ఉన్న ప్రకారం ఎడమ చెయ్యి చాపాడు.

మంత్రిగారు సెట్టు వెనక్కి లాక్కున్నారు. "ఎడం చేత్తో తీసుకుంటావా? ప్రభుత్వమంటే అంత లోకువా?"

కూర్మయ్య గాభరాగా కుడి చెయ్యి చాపాడు.

పక్కనున్న యుగంధర్ రిజిస్టరులో గీత కొట్టాడు. "ఇతనిది కుడి చెయ్యి సార్. అనర్హుడు."

రెండో పేరు ధర్మేంద్ర. అతను ఏ చెయ్యీ చాపలేదు. మంత్రిగారి కాళ్ల మీద బోర్లా పడ్డాడు. సెట్టును అతని వీపు మీద పెట్టారు. చప్పట్లు మోగాయి. మిగతా ముప్పై ఎనిమిది మందికీ దారి తెలిసిపోయింది. కూర్మయ్యకు రావలసిన సెట్టు, ఎడమ చెయ్యి తనకూ ఉందని నిరూపించుకున్న బావమరిదికి వెళ్లింది.

కూర్మయ్య మర్నాడే పాత బాడిస పట్టుకుని పడవ మీద పడ్డాడు. గంగులు ఒక్క మాటా దెప్పకుండా చెక్కలు అందించాడు. పని ఊపందుకుంది. ఇలాగే సాగితే రెండు రోజుల ముందే పడవ దిగుతుందని ఇద్దరూ లెక్క వేసుకున్నారు.

అప్పుడు ధర్మేంద్ర బుల్లెట్టు మీద వచ్చాడు.

"మావా, ఓ స్టూలు సేసెట్టు."

"నీకు జెర్మనీ సెట్టు ఇచ్చారు గదేటి?"

"అది అద్దాల బీరువాలో ఎట్టినాం. మా ఇంటిది రోజూ అగరొత్తులు ఎలిగిస్తన్నాది. దాన్ని ముట్టుకుంటే ఊరుకుంటాదేటి?"

"నాకు పడవ పనున్నాది. పో."

"అలాగంటే కాదు మావా. నలబై మందిమీ పదేను రోజుల్లో తలా ఓ వస్తువు సేసి సూపించాలని ఆర్డరొచ్చింది. సూపించకపోతే సామాను పనికిరాదని రాసేస్తారట. పనికొస్తాదని సంతకం ఎట్టినోడి మీద కేసట." ధర్మేంద్ర బండి అద్దంలో జుట్టు సవరించుకున్నాడు. "ఇంతకీ ఆ సంతకం ఎట్టిందెవులో?"

కూర్మయ్య పడవలోంచి దిగాడు. సాయంత్రానికి ఇసుకలో మరో పదిహేడు బళ్లు ఆగాయి.

గంగులు ఆ పదిహేను రోజులూ అక్కడే కూర్చున్నాడు. కలప కోసి ఇచ్చాడు. మేకులు అందించాడు. ఒకటి, రెండు, పది, ముప్పై, నలభై స్టూళ్లు లేచాయి. పడవ మాత్రం పక్కటెముకలతో అలాగే నిలబడి ఉంది.

స్టూళ్లను శ్రీకాకుళంలో ప్రదర్శనకు పెట్టారు. చైర్మన్ నలభై స్టూళ్ల మీదా వరసగా కూర్చుని లేచారు. చివరి దానిమీద కాసేపు కళ్లు మూసుకున్నారు. "కుడి చెయ్యి కలలోనైనా చేయగలదా ఈ పని?" అని విలేకరులను అడిగారు. అందరూ రాసుకున్నారు.

జూన్ పదిహేను తెల్లవారింది. ఊళ్లో ఉన్న పడవలన్నీ జెండాలు కట్టుకుని సముద్రంలోకి వెళ్లిపోయాయి. గంగులు గట్టున నిలబడి వాటిని కనుచూపు మేర చూశాడు. కూర్మయ్య తలెత్తకుండా చెక్క చెక్కుతున్నాడు. ఇంకో రెండు వారాల పని ఉంది.

ఎండెక్కాక కార్పొరేషన్ అటెండరు సైకిలు మీద వచ్చి కవరు ఇచ్చాడు. కూర్మయ్య చెమట తుడుచుకుని, కూడబలుక్కుంటూ పైకే చదివాడు.

"నలభై మంది లబ్ధిదారులు నలభై నాణ్యమైన వస్తువులు తయారుచేయగా, విదేశీ పర్యటన భాగ్యం పొందిన ఏకైక వడ్రంగివైన నీవు ఇంతవరకు ఒక్క వస్తువునైనా తయారుచేసి చూపలేదని విచారంతో గమనించడమైనది. అయినను గౌరవ చైర్మన్ గారు నీపై దయతో, నీ నైపుణ్యం మెరుగుపరచుటకై, రెండు వారాల శిక్షణ నిమిత్తం నిన్ను తమ వెంట జపాను తీసుకొని వెళ్లుటకు నిర్ణయించినారు. ఎల్లుండి ఉదయం హాజరు కావలెను. రాని పక్షంలో చర్య తీసుకొనబడును."

కాగితం మడతపెట్టి కూర్మయ్య గంగులు వంక చూశాడు.

"ఎల్లు బావా" అన్నాడు గంగులు, పంచె ఎగ్గట్టుకుంటూ. "ఆ బాడిస ఇలా ఇచ్చీసి ఎల్లు."